పానగల్లు ముట్టడిని బల్ల మీద పెట్టగలమా?

బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా 1417 ప్రాంతంలో పానగల్లు కోట మీదికి దండెత్తి వచ్చాడు. రెండేళ్ళు చుట్టుముట్టి కూచున్నా కోట లొంగలేదు. ఈలోగా శిబిరంలో జాడ్యం పుట్టి మనుషులూ గుర్రాలూ రాలిపోయారు. అదను చూసుకుని విజయనగరం నుంచి దేవరాయలు వచ్చి పడ్డాడు. సేనాని మీర్ ఫజలుల్లా హతమయ్యాడు, సుల్తాను ఎలాగో బతికి బయటపడ్డాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తరవాత బీజాపూరులో కూచుని ఫెరిష్తా రాసిన వృత్తాంతం ఇది. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేరా దక్కుతుంది. చదివేవాళ్ళకు ఆ పేరా చాలు.

ఇదే యుద్ధాన్ని ఒక పెద్ద బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడి చూద్దామనుకునే మనిషికి మాత్రం చాలదు. అతని మొదటి ప్రశ్న దగ్గరే పుస్తకాలు నీళ్ళు నములుతాయి: ఇంతకూ ఆ కోట ఎక్కడ? వనపర్తి జిల్లాలో కొండమీది కోటతో ఒక పానగల్ ఉంది. నల్లగొండను ఆనుకుని ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు ఉన్న పానగల్లు ఇంకొకటి. ఆ నల్లగొండలోనూ కాపురాల గుట్ట మీద కోటగోడల ఆనవాళ్ళున్నాయి. రెండు ఊళ్ళకూ మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు. ఫిరోజ్ షా ఏ పానగల్లు ముందు డేరాలు వేశాడో చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. కథ చెప్పేవాడు దీన్ని అడుగున చిన్నక్షరాల్లో వేసి సాగిపోవచ్చు. ఆట కట్టేవాడికి ఆ వీలు లేదు. ఒకచోటైతే కృష్ణ దాటిన దేవరాయలికి కోట ఒకటి రెండు రోజుల నడక. ఇంకోచోటైతే వారం పది రోజులు శత్రువుల సీమలో దండును నడిపించాలి, దారి పొడుగునా గ్రాసం వెతుక్కోవాలి. రెండూ రెండు వేరు ఆటలు.

చారిత్రక వార్‌గేమింగ్ అనే ఈ సరదాకు ఇంగ్లండులో, అమెరికాలో పెద్ద బలగమే ఉంది. 28 మిల్లీమీటర్లవి, 15వి, చివరికి ఆరు మిల్లీమీటర్ల బొమ్మలు కూడా దొరుకుతాయి. వాటికి ఆ కాలపు దుస్తుల రంగులు వేస్తారు. గుట్టలూ వాగులూ ఊళ్ళూ పేర్చిన బల్ల మీద మోహరిస్తారు. టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలతో ఫలితాలు తేల్చుకుంటూ నిజంగా జరిగిన యుద్ధాన్ని మళ్ళీ నడిపిస్తారు. చదరంగంలో ఏనుగు చెప్పిన మాట ఎప్పుడూ వింటుంది. ఇక్కడ వినకపోవచ్చు. బెదిరి వెనక్కి తిరిగి సొంత కాల్బలాన్నే తొక్కెయ్యొచ్చు. దానికీ ఒక నిబంధన ఉంటుంది, ఒక పాచిక ఉంటుంది.

ఈ ఆటకు రెండు పుట్టుకలున్నాయి. ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే పెద్దమనిషి 1812లో రాజుకు ఒక యుద్ధపు ఆటను సమర్పించాడు. సైనికాధికారి అయిన ఆయన కొడుకు 1824లో దాన్ని మ్యాపు మీద ఆడేలా మార్చి ప్రచురిస్తే, ప్రష్యన్ సైన్యం అధికారుల శిక్షణకు తీసుకుంది. అందులో ఒకరి బలగం ఒకరికి కనపడదు. ఇద్దరూ చీటీల మీద ఆజ్ఞలు రాసి నిర్ణేతకు ఇవ్వాలి. ఎవరికి ఏది కనిపించిందో, వార్త ఎంత ఆలస్యంగా అందిందో అతనే చెబుతాడు. రెండో పుట్టుక హెచ్.జి. వెల్స్ 1913లో రాసిన 'లిటిల్ వార్స్' పుస్తకం. గది నేల మీద బొమ్మ సైనికులు, స్ప్రింగు ఫిరంగి, అంతా కళ్ళెదుటే. 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ చవక ప్లాస్టిక్ సైనికులు రావడం, 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' అచ్చు కావడంతో ఈ రెండో తోవే రాజమార్గమైంది. నేటి బొమ్మల ఆటగాళ్ళలో ఎక్కువమంది వెల్స్ సంతతి. పాలమూరు, నల్లగొండ యుద్ధాలకు వెల్స్ పనికిరాడని, రైస్‌విట్జే కావాలని నా వాదన. కారణాలు ముందుకు పోతే తెలుస్తాయి.

మనకు ఇలాంటిది అసలు లేదా అంటే, ముక్కలు ముక్కలుగా ఉంది. గుడి మండపాల రాతి నేల మీద పులిజూదం పటాలు గీసి ఉండటం చాలామంది చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. బలాలు సమానం కాదు, గెలుపు లెక్క కూడా ఒకటి కాదు. పులి తినాలి, మేకలు పులికి కదలడానికి చోటు లేకుండా చెయ్యాలి. పడమటి వార్‌గేమర్లు చాలాకాలం ఇద్దరికీ సమానమైన పాయింట్లు పంచి సైన్యాలు కట్టుకునే అలవాటులో ఉండిపోయారు. అరుగు మీద పులిజూదం ఆడే ముసలాయనకు ఆ అలవాటు వింతగా తోస్తుంది. కోట లోపలున్నవాడూ బయటున్నవాడూ ఏనాడు సమానం గనక?

బొమ్మల కొలువు ఉంది, అది కదలదు. కృష్ణకు అవతల కారెంపూడిలో కార్తీక మాసంలో జరిగే వీరుల తిరునాళ్ళు ఉంది, అది కదులుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులపాటు పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ఘట్టం వెంట ఘట్టంగా జనం మళ్ళీ జరుపుకుంటారు. జరిగిన యుద్ధాన్ని ఏటేటా మళ్ళీ నడిపించడం అన్న లెక్కన చూస్తే వార్‌గేమింగ్‌కు మన దగ్గర ఇంతకన్నా దగ్గరి చుట్టం లేదు. అయితే ఒక్క చోట దారులు విడిపోతాయి. కారెంపూడిలో రాయబారం ఏటా విఫలం కావలసిందే, బాలచంద్రుడు ఏటా పడవలసిందే. అది కొలుపు. ఈసారి రాయబారం ఫలిస్తే ఏమయ్యేదని అక్కడ ఎవరూ అడగరు, అడిగితే బాగుండదు కూడా. వార్‌గేమ్ మొదలయ్యేదే ఆ ప్రశ్నతో.

ఇక అసలు చిక్కుల్లోకి వద్దాం. మొదటిది అంకెలు. మక్తల్‌కు అవతల, కృష్ణ దాటితే రాయచూరు. 1520 మే 19న అక్కడికి దగ్గర్లో నదీతీరాన కృష్ణదేవరాయలికీ ఇస్మాయిల్ ఆదిల్ షాకూ జరిగిన పోరు దక్కనులో బల్ల మీదికి బాగా ఎక్కే యుద్ధాల్లో ఒకటి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పిన దళాల లెక్కలన్నీ కూడితే రాయల పక్షాన కాల్బలం 7,03,000, గుర్రాలు 32,600, ఏనుగులు 551. ఒక్కో బొమ్మకు యాభైమంది చొప్పున లెక్కేసినా పదాతులే 14,060 బొమ్మలు కావాలి. రోజుకు పది బొమ్మలకు రంగు వేసే ఓపికమంతుడికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. ఏనుగులు మాత్రం పదకొండుతో సరిపెట్టుకోవచ్చు.

అంకెల్ని కోయక తప్పదు. ఎక్కడ కొయ్యాలో చెప్పేది నేల. కృష్ణ ఒడ్డున అంతమంది ఒక్కసారి ఎంత వెడల్పున నిలబడగలరు? ఎండాకాలపు నదిలో రేవు ఎంత వెడల్పు? లక్ష గొంతులకు నీళ్ళెక్కడివి? ఇలా అడుగుతూ పోతే నూనిజ్ అంకె దానంతటదే కిందికి దిగుతుంది. తాళపత్రమో తారీఖో ఇచ్చిన సంఖ్యను భక్తితో ఎత్తిరాసే అలవాటుకు ఇదో మంచి మందు. రాయచూరులో ఇంకో విషయం కూడా ఆటకు పనికొస్తుంది. ఆదిల్ షా ఫిరంగులన్నీ ఒకేసారి పేలాయి. రాయల ముందు వరస చెదిరిపోయింది. ఆ ఫిరంగుల్లో మళ్ళీ మందు దట్టించేలోపు రాయల రెండో వరస మీద పడింది, బీజాపూరు సైన్యం నదిలోకి నెట్టుకుపోయింది. పాచిక వేసే ముందు ఫిరంగి యజమాని ఒకటే తేల్చుకోవాలి: అన్నీ ఇప్పుడేనా, సగం దాచుకోవడమా? అయిదు నిమిషాల్లో చెప్పగలిగే నిబంధన, గంటసేపు చెమటలు పట్టించే నిర్ణయం.

రెండో చిక్కు గుట్ట. పడమటి నిబంధనల పుస్తకాలు గోధుమ చేల మధ్య పుట్టాయి. వాటిలో కొండ అంటే బల్ల అంచున పచ్చరంగు వేసిన మెత్తని దిబ్బ. భువనగిరి ఏకశిల సుమారు అయిదు వందల అడుగుల ఎత్తు. పదిహేను మిల్లీమీటర్ల బొమ్మ మనిషికి వందో వంతు అనుకుంటే, ఆ లెక్కన గుట్టను అయిదు అడుగుల ఎత్తు కట్టాలి. అది బల్ల మీద పెట్టే వస్తువు కాదు, గుమ్మంలోంచి గదిలోకే రాదు. నేల కొలతను ఇంకా పదింతలు తగ్గిస్తే గుట్ట అరడుగుకు దిగుతుంది గానీ, అప్పుడు పది మంది సైనికులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కితే బురుజు చేరిపోయేలా కనబడుతుంది. మైదానంలో ఈ మోసం కంటికి ఆనదు. మన దగ్గర ఆటంతా ఆ ఎత్తు మీదే నిలబడి ఉంది కాబట్టి ఎగతాళిగా తయారవుతుంది.

దీనికి నాకు తోచిన విరుగుడు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు. 1:50,000 కొలతలో గుట్టల చుట్టూ వలయాలు వలయాలుగా గీతలుంటాయి, చెరువులు నీలంగా ఉంటాయి. కోటను మ్యాపు మీద ఆడాలి. ఏ గవినిలోనో, ఏ దిడ్డి దగ్గరో నలభై మంది మధ్య జరిగే పెనుగులాటను మాత్రం బొమ్మలతో బల్ల మీదికి తేవాలి. ఆ చిన్న ముక్కకు కావలసిన నేల సామగ్రి మన కాళ్ళకిందే ఉంది. రోడ్డు పనుల దగ్గర పడి ఉండే గ్రానైటు ముక్కలు ఏరుకొచ్చి చెల్కమట్టిలో గుచ్చితే దేవరకొండ గుండ్లకు అచ్చంగా సరిపోతాయి. థర్మాకోల్ కోసి బూడిదరంగు పూసే అవస్థ ఇంగ్లండు వాళ్ళకు వదిలెయ్యొచ్చు. చెరువు కట్ట, తూము, మత్తడి, కట్ట కింద వరిమళ్ళు తప్పకుండా ఉండాలి. ఆయకట్టు బురదలో గుర్రం దిగబడుతుంది. చెరువు కట్టే ఆ చుట్టుపక్కల ఏకైక మంచి దారి. వర్షాకాలంలో మత్తడి దూకుతుంటే ఆ దారీ లేదు. ఈ నిబంధన విదేశీ పుస్తకంలో దొరకదు, మన ఊళ్ళో ఏ రైతును అడిగినా చెబుతాడు.

బొమ్మల సంగతి. ఇప్పుడు చాలావరకు తగరం కలిసిన తెల్ల లోహాన్ని రబ్బరు అచ్చుల్లో తిప్పి పోస్తారు, లేదా ప్లాస్టిక్‌లో, త్రీడీ ప్రింటర్ల మీద రెజిన్‌లో తీస్తారు. దక్కను సైనికులు వీటిలో తక్కువ. ఉన్నవాటిలోనూ మొఘలాయి గుర్రపు రౌతుకు పేరు మార్చి అమ్మేవే ఎక్కువ. అంబారీ ఏనుగుకు మాత్రం మనం ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు, కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్రను వెచ్చచేసి తేమ తీసి, ఒళ్ళూ తొండమూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి ఆ పైన రంగు వేస్తారు. విదేశీ వార్‌గేమర్ కూడా ఇదే క్రమంలో వెళ్తాడు: ముక్కలు అతకడం, సందుల్లో పుట్టీ నింపడం, తెల్ల ప్రైమరు, తరవాత రంగులు. ఒకరిది బతుకుదెరువు, ఒకరిది ఆదివారం మధ్యాహ్నం. కొండపల్లి ఏనుగు బల్ల మీది రౌతుల పక్కన కొండంత ఉంటుందన్నది నిజమే. అదే కర్రలో రెండంగుళాల ఏనుగును అడిగి చేయించుకుంటే అడ్డేముంది? నిర్మల్‌లోనూ ఆ పొణికి కర్రతో పని చేసేవాళ్ళున్నారు.

దుస్తులకూ ఆయుధాలకూ ఆధారాలు మనం అనుకునేంత కరువు కాదు. హంపిలో హజారరామాలయం ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, పదాతులు బారులు తీరి ఉన్నారు. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో తలపాగాలూ అంచుల రంగులూ కనిపిస్తాయి. 1565 నాటి యుద్ధాన్ని అహ్మద్‌నగర్ చిత్రకారులు 'తారీఫె హుసేన్ షాహీ' ప్రతిలో బొమ్మ కట్టారు. పల్లెల్లో పొలాల గట్లమీద, గుడి వెనకాల నిలబడి ఉన్న వీరగల్లులు ఇంకా దగ్గరి సాక్ష్యం. కత్తి పొడుగెంత, డాలు గుండ్రమా పొడవా, రౌతు కాలు రికాబులో ఉందా లేదా అని ఒక్క వీరగల్లు ముందు గంటసేపు నిలబడి చూసేది పురావస్తు శాఖవాళ్ళు కాకపోతే ఈ బొమ్మల పిచ్చివాళ్ళే. వెంట సున్నమో నూనెపూతో తీసుకురాకుండా చూసుకుంటే చాలు.

మూడో చిక్కు జాబితాలది. పేరున్న నిబంధనల మాలికల్లో ఏ సైన్యంలో ఎన్ని గుర్రాలు, ఎందరు విలుకాండ్రు ఉండవచ్చో చెప్పే జాబితాలుంటాయి. అందులో దాదాపు వెయ్యేళ్ళ కాలాన్ని 'హిందూ భారతీయ' అనే ఒకే మూటలో కట్టినది ఒకటి ఉంది. పక్కన 'ముస్లిం భారతీయ' మూట. ఈ రెండు మూటలతో పాలమూరు జిల్లాలో ఒక్క కోటను కూడా ఆడలేం. కోయిలకొండనే తీసుకోండి. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళున్న ఇబ్రహీం కుతుబ్ షా 1550లో గోల్కొండ గద్దె కోసం తిరిగి వచ్చినప్పుడు అతనికి బాసటగా నిలిచింది కోయిలకొండ కోటలోని నాయక్వాడీలు, అంటే తెలుగు కోటబలగం. దేవరాయల మనవడు రెండో దేవరాయలు విజయనగర సైన్యంలో ముస్లిం విలుకాండ్రను పనిగట్టుకుని చేర్చుకున్నాడు. రాచకొండ, దేవరకొండ వెలమ నాయకులు బహమనీలతో ఒకప్పుడు, విజయనగరంతో ఒకప్పుడు, గజపతులతో ఇంకొకప్పుడు నడిచారు. ఇక్కడ సైన్యం మతాన్ని బట్టి కాదు, జీతాన్ని బట్టి, చుట్టరికాన్ని బట్టి, కోటలో మిగిలిన జొన్నల్ని బట్టి నిలబడేది. ఈ మాట చెప్పడానికి వ్యాసాలు చాలా రాశారు. జాబితా పుస్తకాన్ని పక్కన పెట్టి ఒక సాయంత్రం ఆడితే అంతకన్నా తొందరగా తలకెక్కుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఇక్కడి యుద్ధం ముట్టడి కావడం. పానగల్లు, దేవరకొండ, రాచకొండ, భువనగిరి, ఘనపురం, కోయిలకొండ అన్నీ కొండకోటలే. ముట్టడంటే బొమ్మల ఆటగాళ్ళకు పడదు. వారాలకు వారాలు ఏమీ జరగదు. అందుకని నిచ్చెనలు వేసి గోడెక్కే చివరి రోజును మాత్రం ఆడి సరిపెడతారు. పానగల్లులో ఆ చివరి రోజు లేనే లేదు. ఫిరోజ్ షాను ఓడించింది మొదట జాడ్యం, తరవాత దేవరాయలు.

ఈ ఆట ఒక్కో ఎత్తుకు ఒక్కో పక్షం చొప్పున నడవాలి. పాడ్యమి నుంచి పున్నమి దాకా ఒకటి, అక్కడినుంచి అమావాస్య దాకా ఇంకొకటి. రెండేళ్ళకు నలభై ఎనిమిది ఎత్తులు. కోటలోవాడి చేతిలో ధాన్యం, గుండాల్లో నీళ్ళు, బలగం మనోధైర్యం. బయటివాడి చేతిలో గ్రాసం, ఉలవలు, జీతాల పైకం, చుట్టుపక్కల ఊళ్ళ ఓర్పు. వానలు పడితే కోటలోవాడి నీటి గుండం నిండుతుంది, బయటివాడి శిబిరం కుళ్ళుతుంది. ఒకేచోట ఎన్ని పక్షాలుంటే జాడ్యం పాచికకు అన్ని అంకెలు కలపాలి. శిబిరం మారిస్తే జాడ్యం తగ్గుతుంది గానీ కోటకు ఒకవైపు సందు దొరుకుతుంది. కృష్ణలో వరద ఉన్నన్నాళ్ళూ విజయనగరం నుంచి సాయం రాదు. నవమి దసరాలయ్యాక ఏ పక్షంలోనైనా రావొచ్చు, ఎప్పుడన్నది నిర్ణేతకే తెలుసు. బొమ్మలు బయటికి వచ్చేది ఆ వచ్చిన రోజు ఒక్కటే. అప్పటికి ఫిరోజ్ షా దగ్గర ఎన్ని గుర్రాలు నిలబడి ఉన్నాయన్నది అంతకుముందు ఎత్తులన్నీ కలిసి తేల్చేస్తాయి. వెల్స్ పద్ధతిలో ఇది కుదరదన్నది ఇందుకే. అన్నీ కళ్ళెదుట ఉంటే ముట్టడికి ప్రాణం ఉండదు.

సర్వాయి పాపన్న సంగతి దీనికి పక్కవాటు. 1708లో, మొహర్రం వేడుకల రాత్రి కాపలా పలచబడ్డ అదను చూసి వరంగల్ కోట గోడెక్కిన మనిషి ఆ ఏడే భువనగిరి మీదికీ వచ్చాడు. గౌడ కులంలో పుట్టినవాడు ఔరంగజేబు చివరి రోజుల సందులో కోటలు కట్టి మొఘల్ ఫౌజుదార్లను ముప్పుతిప్పలు పెట్టాడు. అతని మీద రిచర్డ్ ఈటన్ రాసిన అధ్యాయం ఆట కట్టేవాడికి బంగారు గని. 1710లో తాటికొండ ముట్టడిని ముగించింది ఫిరంగి కాదు. పాపన్నను వదిలి వచ్చేవాళ్ళకు రెట్టింపు జీతం ఇస్తామని మొఘల్ సేనాని కబురు పెట్టాడు, లోపల తుపాకి మందు అయిపోవచ్చింది. నిబంధనల పుస్తకాల్లో మనోధైర్యం పరీక్షకు రెండు పాచికలుంటాయి. పాపన్న ఆటలో ఆ పాచికల పక్కన ఒక రూపాయల సంచి కూడా పెట్టాలి.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటాన్ని, 1948 సెప్టెంబరు పోలీసు చర్యను ఆడవచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఎందుకంటే కాగితాలూ మ్యాపులూ ఫొటోలూ వాటికే ఎక్కువ. విజయవాడ వైపు నుంచి కదిలిన భారత దళం కోదాడ, మునగాల, సూర్యాపేట దారినే వచ్చింది. నిజాం రాజ్యం మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన ముక్కగా ఉండిన మునగాల పరగణా మ్యాపు గీసేవాడికి మంచి తలనొప్పి. ఆ దారి మీది వాగులూ వంతెనలూ చూస్తే సైనిక చరిత్ర ఇష్టపడే ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. అయినా నేను ఆడను. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య పడిపోయిన కడవెండి అప్పటి నల్లగొండ జిల్లాలోదే. వడిసెల, గుత్పకర్ర, కారంపొడి పట్టుకుని నిలబడ్డవాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ ఇంకా ఊళ్ళో ఉన్నారు. రజాకార్ల చేతిలో పోయినవాళ్ళ ఇళ్ళున్నాయి. పోలీసు చర్య తరవాత ఏ పాపం ఎరగకుండా చచ్చిపోయిన ముస్లింల ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళ ముందు పాచిక వెయ్యడానికి చెయ్యి రాదు. సైనిక కళాశాలలో శాండ్ మోడల్ మీద ఆ దారిని చర్చించుకోవడం వేరు, అది వాళ్ళ వృత్తి. సరదా అన్నది కాస్త దూరం కోరుతుంది. ఎన్నేళ్ళ దూరమంటే లెక్క చెప్పలేను గానీ, ఏడుపు ఇంకా వినిపించేంత దగ్గర మాత్రం కాదు.

ఇన్ని వడపోతల తరవాత పాలమూరు, నల్లగొండ అనే ఈ రెండు పాత జిల్లాల్లో మొట్టమొదట బల్లెక్కాల్సింది ఏదంటే, దేవరకొండ, 1459. హుమాయూన్ షా బహమనీ పంపగా ఖ్వాజా జహాన్, నిజాముల్‌ముల్క్ ఇద్దరూ కలిసి ఏడు కొండల్ని చుట్టి కట్టిన ఆ కోటను ముట్టడించారు. లోపలి వెలమ నాయకుడు ఒరిస్సా కపిలేశ్వర గజపతిని సాయమడిగాడు. గజపతి కొడుకు హంవీరుడు దండుతో బయల్దేరాడన్న వార్త బహమనీ శిబిరానికి చేరింది. ఫెరిష్తా చెప్పిన ప్రకారం నిజాముల్‌ముల్క్, ఈ కొండ సందుల్లోంచి బయటపడి మైదానంలో నిలబడి వచ్చేవాణ్ణి ఎదుర్కొందాం అన్నాడు. ఖ్వాజా జహాన్ ఒప్పుకోలేదు. వెనక్కి జరిగితే పిరికితనం అనుకుంటారన్నాడు. మర్నాడు బయటినుంచి గజపతి సైన్యం, కోటలోంచి వెలమలు రెండు వైపులా పడ్డారు. దండు చెల్లాచెదరైంది. తిరిగివెళ్ళాక ఖ్వాజా జహాన్ తప్పంతా రెండోవాడి మీదికి నెట్టాడు, సుల్తాను విచారణ లేకుండా నిజాముల్‌ముల్క్‌ను చంపించాడు.

ఊరు ఏదన్న తగాదా ఇక్కడ లేదు. కోట అక్కడే ఉంది, కొండ సందులు అక్కడే ఉన్నాయి, ఎక్కి చూసి రావొచ్చు. నిర్ణయం ఒక్కటే, అది ఏమిటో స్పష్టంగా తెలుసు. బొమ్మలు రెండు వందలు దాటవు. నలుగురు ఆటగాళ్ళు చాలు: కోటలో ఒకరు, హంవీరుడుగా ఒకరు, బహమనీ పక్షాన ఇద్దరు. ఆ ఇద్దరికీ సైన్యం ఒకటే, గెలుపు మాత్రం ఎవరిది వారికే. హంవీరుడు ఎంత దూరంలో ఉన్నాడో నిర్ణేత ఒక్కో పూట ఒక్కోలా చెబుతాడు, వేగులవాళ్ళు తెచ్చే కబుర్లు అలాగే ఉంటాయి గనక. మైదానంలోకి దిగుదామా, ఇక్కడే ఉందామా అని వాదించుకోవడానికి ఇద్దరికీ కలిపి పది నిమిషాలు. ఒప్పందం కుదరకపోతే పెద్దవాడైన ఖ్వాజా జహాన్ మాటే చెల్లుతుంది. యుద్ధం ముగిశాక, గెలిచినా ఓడినా, ఇద్దరూ సుల్తానుకు చెరొక ఉత్తరం రాయాలి. సుల్తాను పాత్ర నిర్ణేతదే. అతను ముందు అందిన ఉత్తరాన్నే చదువుతాడు.